విలియం కోవెన్‌హోవెన్

విలియం బెనెట్ కోవెన్‌హోవెన్ (జనవరి 13, 1886 - నవంబరు 10, 1975) అమెరికాకు చెందిన విద్యుత్ ఇంజనీరు, ఆచార్యుడు, పరిశోధకుడు. ఈయన వైద్యుడు కాడు. అయినప్పటికీ ఆగిపోయిన గుండెను ఛాతీ తెరవకుండానే తిరిగి పనిచేయించే రెండు పద్ధతుల అభివృద్ధిలో ఈయనది ప్రధాన పాత్ర. మొదటిది బయటి నుండి విద్యుత్ ఘాతం ఇచ్చే డీఫిబ్రిలేటర్. రెండవది చేతులతో ఛాతీని నొక్కే పద్ధతి. ఈ రెండవ పద్ధతి, కృత్రిమ శ్వాసతో కలిసి నేడు సి.పి.ఆర్. అనే పేరుతో ప్రపంచమంతటా వాడుకలో ఉంది. విద్యుత్ తీగలపై పనిచేస్తూ షాక్‌కు గురై మరణిస్తున్న లైన్‌మన్‌లను ఎలా కాపాడాలి అనే ప్రశ్నతో ఈ పరిశోధన మొదలైంది. అందువల్ల ఈయన జీవితం వైద్య చరిత్రలోనే కాక విద్యుత్ భద్రతా నియమాల చరిత్రలో కూడా ఒక ముఖ్య భాగం.

బాల్యం, విద్యాభ్యాసం

కోవెన్‌హోవెన్ 1886 జనవరి 13న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో జన్మించాడు. ఇంటిపేరు డచ్చి భాషకు చెందినది. అక్కడి బ్రూక్లిన్ పాలిటెక్నిక్ సంస్థలో చదివి 1906లో విద్యుత్ ఇంజనీరింగులోను, 1907లో మెకానికల్ ఇంజనీరింగులోను పట్టాలు పొందాడు. కొంతకాలం అదే సంస్థలో బోధించిన పిమ్మట ఉన్నత విద్య కోసం జర్మనీ వెళ్ళాడు. ఆ కాలంలో విద్యుత్ ఇంజనీరింగులో జర్మనీలోని సాంకేతిక విద్యాలయాలకు మంచి పేరుండేది. కోవెన్‌హోవెన్ కార్ల్స్‌రూహె సాంకేతిక విద్యాలయం నుండి 1913లో డాక్టరేటు పొందాడు.

ఉద్యోగ జీవితం

స్వదేశానికి తిరిగి వచ్చిన కోవెన్‌హోవెన్ సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో కొద్దికాలం పనిచేసి, 1914లో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో చేరాడు. మిగిలిన జీవితమంతా ఆ సంస్థతోనే ముడిపడి ఉంది. 1930ల చివరి నుండి 1954లో పదవీ విరమణ చేసే వరకు అక్కడి ఇంజనీరింగు కళాశాలకు డీన్‌గా వ్యవహరించాడు.

ఇంజనీరుగా ఈయన తొలి పరిశోధనలు విద్యుత్ కొలతలకు, విద్యుద్బంధకాలకు సంబంధించినవి. అధిక వోల్టేజి కేబుళ్ళలో బంధక పదార్థం ఎందుకు చెడిపోతుంది, దానిలో ఎంత శక్తి వృథా అవుతుంది అనే విషయాలు ఆనాటి విద్యుత్ పరిశ్రమకు ముఖ్యమైన సమస్యలు. బంధకం చెడితే యంత్రం చెడడం ఒక్కటే కాదు, దానిని తాకిన మనిషి ప్రాణానికీ ముప్పే. కోవెన్‌హోవెన్ పరిశోధన తరువాతి దశలో ఈ రెండవ విషయం వైపు మళ్ళింది.

నేపథ్యం: లైన్‌మన్‌ల మరణాలు

ఇరవయ్యవ శతాబ్దం తొలి దశాబ్దాలలో అమెరికాలో విద్యుత్ సరఫరా వేగంగా విస్తరించింది. వీధివీధినా స్తంభాలు వెలిశాయి. లైన్ల వోల్టేజి పెరిగింది. వాటిని నిర్మించి మరమ్మతు చేసే లైన్‌మన్‌ల సంఖ్యతో పాటు వారి ప్రమాదాలూ పెరిగాయి. షాక్ తగిలి పడిపోయిన కొందరి ఒంటిపై పెద్ద గాయాలు కనిపించేవి కావు. అయినా వారు నిమిషాల్లో మరణించేవారు. అప్పటికి ప్రథమ చికిత్సగా తెలిసినది కృత్రిమ శ్వాస ఒక్కటే. బాధితుని బోర్లా పడుకోబెట్టి వీపుపై నొక్కే పద్ధతిని పనివారికి నేర్పేవారు. ఊపిరి మాత్రమే ఆగినవారిలో కొందరు దీనివల్ల బ్రతికేవారు. గుండె లయ తప్పినవారికి ఇది పనికివచ్చేది కాదు.

ఈ మరణాలు విద్యుత్ సంస్థలను కలవరపరచాయి. 1920వ దశకంలో పరిశ్రమ ఇచ్చిన నిధులతో కొన్ని విద్యాసంస్థలలో విద్యుత్ షాక్‌పై పరిశోధనలు ప్రారంభమయ్యాయి. వాటిలో జాన్స్ హాప్కిన్స్ ఒకటి. ప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త విలియం హోవెల్ ఆధ్వర్యంలో జరిగిన ఈ కృషిలో నాడీ వైద్యుడు ఒర్తెల్లో లాంగ్‌వర్తీ, శరీరధర్మ శాస్త్రవేత్త డోనాల్డ్ హూకర్, విద్యుత్ ఇంజనీరు కోవెన్‌హోవెన్ కలిసి పనిచేశారు. ఇంజనీరింగు ఆచార్యుడు వైద్యులతో కలిసి ప్రయోగశాలలో జంతువులపై ప్రయోగాలు చేయడం ఆ రోజుల్లో అరుదైన విషయం.

షాక్ వల్ల గుండెకు జరిగే హాని

గుండె కండరాలన్నీ ఒక క్రమంలో ముడుచుకొని విచ్చుకోవడం వలన రక్తం శరీరమంతటా ప్రవహిస్తుంది. ఈ క్రమాన్ని నడిపేది గుండెలోనే పుట్టే స్వల్ప విద్యుత్ సంకేతం. బయటి నుండి వచ్చిన కరెంటు ఛాతీ గుండా ప్రవహించినపుడు ఈ సంకేతం చెదిరిపోతుంది. అప్పుడు జఠరికల కండరపు పోగులు దేనికది విడివిడిగా వణకడం మొదలవుతుంది. దీనిని వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండె కదులుతున్నట్లే ఉంటుంది కాని రక్తాన్ని పంపదు. కొద్ది నిమిషాలు రక్తం అందకపోతే మెదడు దెబ్బతింటుంది.

ఇందుకు కావలసిన కరెంటు చాలా తక్కువ. ఒక మిల్లీ ఆంపియరు ప్రాంతంలో మనిషికి చిమచిమలాడినట్లు తెలుస్తుంది. పది మిల్లీ ఆంపియర్లు దాటేసరికి చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న తీగను వదలడం కష్టమవుతుంది. కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు ఛాతీ గుండా ఒకటి రెండు క్షణాలు ప్రవహిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. మనిషి శరీర నిరోధం సుమారు 1,000 ఓములు అనుకుంటే, 230 వోల్టుల ఇంటి కరెంటు తాకినపుడు ప్రవహించేది 230 మిల్లీ ఆంపియర్లు. మామూలు 60 వాట్ల బల్బు తీసుకునే కరెంటు 260 మిల్లీ ఆంపియర్లు. అనగా ఒక బల్బును వెలిగించడానికి కూడా చాలని కరెంటు మనిషి ప్రాణం తీయగలదు. వోల్టేజి తక్కువ కాబట్టి ఫరవాలేదు అనుకోవడం పొరపాటు అని చెప్పడానికి ఈ లెక్క చాలు.

ఎదురు షాక్

హాప్కిన్స్ బృందం కుక్కలపై చేసిన ప్రయోగాలలో ఒక ఆశ్చర్యకరమైన విషయం బయటపడింది. స్వల్ప కరెంటు గుండెను ఫిబ్రిలేషన్‌లోకి నెడుతుంది. అలా వణుకుతున్న గుండె గుండా అంతకంటె చాలా ఎక్కువ కరెంటును క్షణకాలం పంపితే వణుకు ఆగుతుంది. కండరమంతా ఒక్కసారిగా నిశ్చలమై, ఆ తరువాత గుండె తన సహజ లయను తిరిగి అందుకొనే అవకాశం కలుగుతుంది. హూకర్, కోవెన్‌హోవెన్, లాంగ్‌వర్తీ ఈ ఫలితాలను 1933లో ప్రకటించారు. ఈ చికిత్సకు ఎదురు షాక్ అనే అర్థం వచ్చే పేరు వాడుకలోకి వచ్చింది.

నిజానికి ఇది పూర్తిగా కొత్త విషయం కాదు. స్విట్జర్లాండులోని జెనీవా నగరంలో ప్రెవో, బాటెల్లి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1899లోనే ఇటువంటి ఫలితాన్ని గమనించారు. అది చాలాకాలం ఎవరి దృష్టికీ రాలేదు. హాప్కిన్స్ బృందం దానిని తిరిగి వెలుగులోకి తెచ్చి, ఎంత కరెంటు, ఎంతసేపు అనే కొలతలతో ముందుకు తీసుకువెళ్ళింది.

మనుషుల విషయంలో మొదటి విజయం మరొకరిది. క్లీవ్‌లాండ్ నగరంలో శస్త్రవైద్యుడు క్లాడ్ బెక్ 1947లో ఒక బాలుని ఛాతీ తెరిచి, గుండెకే నేరుగా షాక్ ఇచ్చి బ్రతికించాడు. ఇది గొప్ప విజయమే అయినా ఆపరేషన్ గదిలో మాత్రమే సాధ్యం. స్తంభం నుండి క్రిందపడిన లైన్‌మన్ ఛాతీని రోడ్డుపై తెరవలేరు. అందువల్ల కోవెన్‌హోవెన్ ఛాతీని తెరవకుండా బయటి నుండే షాక్ ఇచ్చే పరికరం కోసం కృషి కొనసాగించాడు. 1950ల ఆరంభంలో విద్యుత్ పరిశ్రమ సంఘమైన ఎడిసన్ ఎలక్ట్రిక్ ఇన్‌స్టిట్యూట్ ఇందుకు మళ్ళీ నిధులు సమకూర్చింది. 1956లో బోస్టన్ వైద్యుడు పాల్ జోల్ బయటి నుండి షాక్ ఇచ్చి రోగులను బ్రతికించిన సంగతిని ప్రకటించాడు. 1957లో హాప్కిన్స్ బృందపు ఏ.సి. డీఫిబ్రిలేటర్ ఆసుపత్రిలో వాడుకకు సిద్ధమైంది. అది చక్రాల బండిపై తోసుకుపోవలసినంత బరువైన యంత్రం. చేతితో పట్టుకుపోగలిగిన పెట్టె రూపంలోని పరికరాన్ని ఆ తరువాత కొద్ది సంవత్సరాలలో రూపొందించారు.

పదవీ విరమణ తరువాత

1954లో డీన్ పదవి నుండి విరమించిన కోవెన్‌హోవెన్ విశ్రాంతి తీసుకోలేదు. శస్త్రచికిత్స విభాగాధిపతి ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ వైద్య కళాశాలలో ఈయనకు పరిశోధనకు చోటు కల్పించాడు. దీనితో దాదాపు డెబ్బై యేళ్ళ వయస్సులో ఈయన శస్త్రచికిత్స విభాగపు ప్రయోగశాలలో పనిచేయసాగాడు. ఈయన పేరు ప్రపంచానికి తెలిసేలా చేసిన పరిశోధన ఈ విశ్రాంత జీవితంలో జరిగినదే.

1958లో ఈయన వద్ద పరిశోధన చేస్తున్న విద్యుత్ ఇంజనీరింగు విద్యార్థి గై నికర్‌బాకర్ ఒక చిన్న మార్పును గమనించాడు. షాక్ ఇవ్వడానికి బరువైన ఎలక్ట్రోడులను కుక్క ఛాతీపై గట్టిగా నొక్కినపుడు, ఇంకా కరెంటు పంపకముందే, దాని ధమనిలో రక్తపోటు క్షణకాలం పెరుగుతోంది. గుండె ఆగి ఉన్నప్పుడు రక్తపోటు పెరిగిందంటే, నొక్కిన ఒత్తిడి వల్లనే రక్తం ముందుకు కదిలిందన్నమాట. దీనిని పరికరంలోని దోషంగానో, లెక్కలోకి రాని విషయంగానో కొట్టివేయకుండా బృందం దానినే పరిశోధనాంశంగా తీసుకుంది. యువ శస్త్రవైద్యుడు జేమ్స్ జూడ్ వారితో కలిశాడు. ఛాతీపై ఎక్కడ, ఎంత బలంగా, నిమిషానికి ఎన్నిసార్లు నొక్కితే ఎక్కువ రక్తం ప్రవహిస్తుందో ముగ్గురూ ప్రయోగాలతో నిర్ణయించారు.

రొమ్ము ఎముక ముందుభాగంలో, వెన్నెముక వెనుకభాగంలో, గుండె ఆ రెండింటి నడుమ ఉంటాయి. రొమ్ము ఎముక క్రింది సగంపై అరచేతి మడమను ఉంచి, దానిపై రెండవ చేయి వేసి నొక్కితే రక్తం గుండె నుండి బయటకు నెట్టబడుతుంది. వదిలినపుడు తిరిగి నిండుతుంది. దీనివల్ల డీఫిబ్రిలేటర్ వచ్చేవరకు మెదడుకు కొంత రక్తం అందుతుంది. మందు లేదు, యంత్రం లేదు, కోత లేదు.

1959లో ఈ పద్ధతిని మనుషులకు వాడడం మొదలైంది. ఆపరేషన్ కోసం మత్తు ఇస్తుండగా గుండె ఆగిన ఒక మహిళ ఛాతీని జూడ్ తెరవకుండా బయటి నుండి నొక్కగా ఆమె కోలుకున్నది. అంతకు ముందయితే ఛాతీని తెరవడం తప్ప వేరే మార్గం ఉండేది కాదు. కోవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ తమ అనుభవాన్ని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 1960 జూలై 9న ప్రచురించారు. అందులో పేర్కొన్న 20 మంది రోగులలో 14 మంది, అనగా నూటికి 70 మంది బ్రతికారు. వీరందరూ ఆసుపత్రిలో ఉన్నవారు కావడం వల్ల ఫలితాలు ఇంత బాగున్నాయని గమనించాలి. ఆసుపత్రి వెలుపల గుండె ఆగినవారిలో బ్రతికేవారి శాతం నేటికీ దీనికంటె చాలా తక్కువ. ఈ వ్యాసం వెలువడేనాటికి కోవెన్‌హోవెన్ వయస్సు 74 సంవత్సరాలు.

ఈ పద్ధతికీ పూర్వగామి ఉంది. జర్మనీలోని గోటింగెన్ పట్టణానికి చెందిన ఫ్రెడ్రిక్ మాస్ 1890ల తొలినాళ్ళలో ఛాతీని నొక్కి రోగులను బ్రతికించినట్లు రాశాడు. అది కూడా మరుగున పడిపోయింది. కోవెన్‌హోవెన్ బృందం కొలతలతో, ప్రయోగాలతో నిరూపించిన తరువాతనే ఈ పద్ధతి నిలిచింది.

సి.పి.ఆర్. ఆవిర్భావం

అదే బాల్టిమోర్ నగరంలో మరొక ఆసుపత్రిలో పనిచేస్తున్న మత్తు వైద్యుడు పీటర్ సఫార్, నోటిలో నోరు పెట్టి ఊపిరి ఊదే పద్ధతి పాత పద్ధతుల కంటె మేలైనదని 1950ల చివరలో నిరూపించాడు. 1960 సెప్టెంబరులో మేరీలాండ్ రాష్ట్ర వైద్యుల సమావేశంలో ఈ రెండు పద్ధతులనూ కలిపి వాడాలని ప్రతిపాదించారు. ఛాతీని నొక్కడం వల్ల రక్తం కదులుతుంది, ఊదడం వల్ల ఆ రక్తానికి ప్రాణవాయువు అందుతుంది. ఈ కలయికే సి.పి.ఆర్.

బాల్టిమోర్ అగ్నిమాపక శాఖకు చెందిన అంబులెన్సు సిబ్బంది ఈ పద్ధతిని తొలినాళ్ళలోనే నేర్చుకున్నారు. వైద్యులు కానివారు దీనిని వాడవచ్చునా అనే చర్చ మాత్రం కొన్నేళ్ళు సాగింది. తప్పుగా నొక్కితే ప్రక్కటెముకలు విరుగుతాయని, లోపలి అవయవాలకు గాయమవుతుందని కొందరు సందేహించారు. 1966లో జరిగిన జాతీయ స్థాయి సమావేశం వైద్య సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని సూచించింది. 1974లో వెలువడిన ప్రమాణాలు సామాన్య ప్రజలకు కూడా నేర్పాలని చెప్పాయి. ప్రక్కటెముక విరిగినా అతుకుతుంది, ఆగిన గుండెను అలాగే వదిలితే మరణం తప్పదు అనే వాదన చివరకు నెగ్గింది.

1960 నాటి వ్యాసంలో నిమిషానికి సుమారు 60 సార్లు, 3 నుండి 4 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలని సూచించారు. తరువాతి పరిశోధనల వల్ల ఈ అంకెలు మారాయి. నేటి మార్గదర్శకాల ప్రకారం పెద్దవారికి నిమిషానికి 100 నుండి 120 సార్లు, 5 నుండి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి.

లైవ్ లైన్ పనులపై పరిశోధన

1960ల ఆరంభంలో అమెరికాలో అధిక వోల్టేజి లైన్లపై సరఫరా ఆపకుండానే, చేతులతో నేరుగా తీగను పట్టుకొని మరమ్మతు చేసే విధానం మొదలైంది. ఇది వినడానికి వింతగా ఉన్నా దీని సూత్రం తీగపై వాలిన పక్షిని చూస్తే తెలుస్తుంది. పక్షి రెండు కాళ్ళూ ఒకే తీగపై ఉంటాయి కాబట్టి వాటి మధ్య చెప్పుకోదగ్గ వోల్టేజి తేడా ఉండదు, దాని శరీరం గుండా ప్రమాదకరమైన కరెంటు ప్రవహించదు. అదే విధంగా పనివాడిని బంధక పదార్థంతో చేసిన పొడవాటి చేయి చివర ఉన్న బుట్టలో నిలబెట్టి, భూమితోను, ఇతర ఫేజులతోను సంబంధం లేకుండా చేస్తారు. ఆ బుట్టను ముందుగా తీగతో కలుపుతారు. అతడు లోహపు పోగులతో నేసిన దుస్తులు ధరిస్తాడు. అప్పుడు అతడు, బుట్ట, తీగ అన్నీ ఒకే వోల్టేజి వద్ద ఉంటాయి. మరొక ఫేజును గాని, స్తంభాన్ని గాని అందుకొంటే మాత్రం అంతటితో ప్రాణం పోతుంది.

అంత బలమైన విద్యుత్ క్షేత్రంలో రోజూ పనిచేసేవారి ఆరోగ్యం ఏమవుతుంది అనే ప్రశ్న సహజంగానే ఉదయించింది. కోవెన్‌హోవెన్, లాంగ్‌వర్తీ మరికొందరు సహచరులు ఒక చిన్న లైన్‌మన్ బృందానికి కొన్ని సంవత్సరాల పాటు క్రమం తప్పకుండా వైద్య పరీక్షలు జరిపి, 1967లో ఫలితాలు ప్రకటించారు. ఆ పని వల్ల వారి ఆరోగ్యంలో హానికరమైన మార్పులేవీ కనబడలేదు. తరువాత కూడా హాప్కిన్స్ వైద్యులు వారిని పరిశీలించి 1973లో మరొక నివేదిక ఇచ్చారు. పరీక్షించినవారి సంఖ్య తక్కువ కాబట్టి దీనిని తుది నిర్ణయంగా భావించలేము. అయినప్పటికీ ఒక కొత్త పని విధానాన్ని ప్రవేశపెట్టేటప్పుడు ఆ పనివారి ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించడం గమనించదగ్గ విషయం.

భద్రతా నియమాలలో ఈయన కృషి

విద్యుత్ పనులలో భద్రతకు రెండు అంచెలు ఉన్నాయి. మొదటిది ప్రమాదం జరగకుండా చూడడం. రెండవది జరిగిన వెంటనే కాపాడడం. మొదటి అంచెలో ముఖ్యమైనది వ్రాతపూర్వకమైన అనుమతి పత్రం. తెలుగు రాష్ట్రాల విద్యుత్ సిబ్బంది దీనిని లైన్ క్లియర్ లేదా ఎల్.సి. అంటారు. పనికి ముందు పాటించవలసిన క్రమం స్థూలంగా ఇది:

* పని జరిగే లైనుకు అన్ని వైపుల నుండి సరఫరా నిలిపివేయాలి. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్‌ను ఆపి, ఏ.బి. స్విచ్‌ను తెరవాలి.
* వేరెవరూ తిరిగి కలపకుండా తాళం వేసి, పని జరుగుతున్నదని తెలిపే హెచ్చరిక పలకను తగిలించాలి.
* లైనులో కరెంటు లేదని టెస్టర్‌తో నిర్ధారించుకోవాలి. స్విచ్ తెరిచాము కాబట్టి కరెంటు ఉండదని ఊహించరాదు.
* పని జరిగే చోటుకు రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించాలి. జనరేటరు నుండి గాని, వేరే లైను నుండి గాని పొరపాటున కరెంటు వచ్చినా అది భూమిలోకి పోతుంది.
* ఆ పిమ్మటనే అనుమతి పత్రం ప్రకారం పని మొదలుపెట్టాలి. పత్రం తీసుకున్న వ్యక్తి మనుషులందరూ దిగారని, ఎర్త్ రాడ్లు తీశారని చూసుకొని తానే దానిని తిరిగి ఇవ్వాలి. అంతవరకు లైనుకు సరఫరా ఇవ్వరాదు.

ఈ క్రమంలో ఏ ఒక్క మెట్టు తప్పినా మిగిలినవన్నీ వృథా అవుతాయి. ఫోనులో చెప్పిన మాటను అనుమతిగా భావించడం, ఒక ఫీడరుకు బదులు మరొక ఫీడరును ఆపడం, ఎర్త్ రాడ్లు తగిలించకుండా స్తంభం ఎక్కడం వంటివి ప్రాణాంతకమైన పొరపాట్లు.

భారతదేశంలో 1956 నాటి భారత విద్యుత్ నియమాలు ఈ రెండు అంచెలనూ గుర్తించాయి. వాటిలోని 36వ నియమం, విద్యుత్ తీగలను ముట్టుకొనే ముందు ఎర్తింగు మొదలైన జాగ్రత్తలు తీసుకోవాలని, అధికారం పొందని వ్యక్తి లైవ్ లైనుపై పనిచేయరాదని, పనివారికి చేతి తొడుగులు, రక్షణ బెల్టులు, ఎర్తింగు పరికరాలు, టెస్టర్లు వంటివి సమకూర్చాలని చెప్పింది. 44వ నియమం, షాక్‌కు గురైన వ్యక్తిని బ్రతికించే సూచనలను విద్యుత్ కేంద్రాలలోను, సబ్‌స్టేషన్లలోను అందరికీ కనబడేలా, స్థానిక భాషలో కూడా ప్రదర్శించాలని ఆదేశించింది. సబ్‌స్టేషన్ గోడలపై తెలుగులో బొమ్మలతో కనిపించే షాక్ చికిత్స పటాల వెనుక ఉన్నది ఈ నియమమే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో, తిరిగి 2023లో వెలువరించిన భద్రతా నిబంధనలు ఈ నియమాల స్థానాన్ని తీసుకున్నాయి.

అమెరికాలో 1994లో వచ్చిన విద్యుత్ రంగ భద్రతా ప్రమాణం, 50 వోల్టులు లేదా అంతకు మించిన లైవ్ పరికరాలపై పని జరిగేచోట ప్రథమ చికిత్స, సి.పి.ఆర్. శిక్షణ పొందినవారు అందుబాటులో ఉండాలని నిర్దేశించింది. ఇద్దరు లేదా అంతకంటె ఎక్కువ మంది పనిచేసే క్షేత్ర బృందాలలో కనీసం ఇద్దరు శిక్షణ పొంది ఉండాలి. షాక్ తగిలినవాడు శిక్షణ పొందినవాడే అయితే అతనిని కాపాడడానికి మరొకడు ఉండాలన్నది దీని భావం.

స్తంభంపై ఉన్న తోటివాడే మొదటి వైద్యుడు అనే విషయం 1967లో లోకానికంతటికీ తెలిసింది. ఆ సంవత్సరం ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్ నగరంలో షాక్ తగిలి రక్షణ బెల్టుకు తలక్రిందులుగా వేలాడుతున్న ఒక లైన్‌మన్‌కు, మరొక లైన్‌మన్ స్తంభంపైనే నోటితో ఊపిరి అందించాడు. క్రిందికి దించిన తరువాత చికిత్స కొనసాగించగా అతడు బ్రతికాడు. ఈ సంఘటన ఛాయాచిత్రానికి 1968లో పులిట్జర్ బహుమతి లభించింది.

షాక్ తగిలినపుడు చేయవలసినవి

కోవెన్‌హోవెన్ కృషి ఫలితంగా నేడు పాటిస్తున్న పద్ధతి సామాన్యులకు కూడా అవసరమైనది.

* మొట్టమొదట మెయిన్ స్విచ్ ఆపివేయాలి. కరెంటు ఉన్నంతవరకు బాధితుని ముట్టుకోరాదు. అతనిని పట్టుకున్న వ్యక్తికి కూడా షాక్ తగులుతుంది.
* ఇంటి కరెంటు అయి, స్విచ్ అందకపోతే పొడిగా ఉన్న కర్రతో తీగను తొలగించవచ్చు. వీధి స్తంభాల మీది అధిక వోల్టేజి తీగల విషయంలో కర్ర కూడా రక్షణ ఇవ్వదు. దూరంగా ఉండి విద్యుత్ శాఖకు తెలిపి సరఫరా నిలిపించాలి.
* పలకరిస్తే పలకక, మామూలుగా ఊపిరి తీసుకోకుంటే 108కు ఫోను చేయించి, వెంటనే ఛాతీ మధ్యభాగాన్ని బలంగా, వేగంగా నొక్కడం ప్రారంభించాలి.
* సహాయం అందేవరకు ఆపరాదు. శిక్షణ లేనివారు ఊపిరి ఊదకపోయినా ఛాతీని నొక్కడం మానరాదు.
* తేరుకున్న వ్యక్తిని కూడా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

తెలంగాణ ప్రభుత్వం 2023లో సి.పి.ఆర్. శిక్షణ కార్యక్రమాన్ని చేపట్టింది.

పురస్కారాలు, గౌరవాలు

విద్యుత్ ఇంజనీరింగు రంగంలో ప్రతిష్ఠాత్మకమైన ఎడిసన్ పతకం కోవెన్‌హోవెన్‌కు 1961 సంవత్సరానికి లభించింది. జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల 1969లో ఈయనకు గౌరవ వైద్య పట్టా ప్రదానం చేసింది. ఆ కళాశాల చరిత్రలో ఇటువంటి గౌరవ పట్టా పొందిన మొదటి వ్యక్తి ఈయనే. వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారం 1973లో పాల్ జోల్‌తో పాటు ఈయనకు దక్కింది. ఒక వ్యక్తికి ఇంజనీర్ల అత్యున్నత పతకాలలో ఒకటి, వైద్యుల అత్యున్నత పురస్కారాలలో ఒకటి లభించడం అరుదైన విషయం.

మరణం, తదనంతర ప్రభావం

కోవెన్‌హోవెన్ 1975 నవంబరు 10న తన 89వ యేట మరణించాడు. ఈయన మొదలుపెట్టిన పని మరికొన్ని దిశలలో సాగింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఛార్లెస్ డాల్జీల్ మనిషి ఎంత కరెంటు వరకు తీగను వదలగలడో కొలిచి, భూమిలోకి కరెంటు కారిన వెంటనే సరఫరాను ఆపివేసే పరికరాన్ని 1960లలో రూపొందించాడు. అటువంటి పరికరాలు నేడు ఇళ్ళలో కూడా వాడుకలో ఉన్నాయి. వాటిలో ప్రాణరక్షణకు వాడేవి సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల వద్ద పనిచేస్తాయి. ఏ.సి. కరెంటుతో పనిచేసిన తొలి డీఫిబ్రిలేటర్ల స్థానంలో 1960లలో డి.సి. పరికరాలు వచ్చాయి. ఇప్పుడు అవి విమానాశ్రయాలలో, రైల్వే స్టేషన్లలో సామాన్యులు వాడగలిగేంత సులభంగా మారాయి.

నేడు సి.పి.ఆర్. ద్వారా బ్రతికేవారిలో అధికులు గుండెపోటు వంటి కారణాల వల్ల గుండె ఆగినవారే. విద్యుత్ షాక్ తగిలినవారు వారిలో కొద్దిమంది మాత్రమే. అయినా ఈ పద్ధతికి మూలం కరెంటు స్తంభం మీద పనిచేసే మనిషి గురించిన ఆలోచనే. షాక్ తగిలినవారిలో చాలామందికి అంతకు ముందు గుండె జబ్బేమీ ఉండదు. అందువల్ల వెంటనే సహాయం అందితే వారు కోలుకొనే అవకాశం ఎక్కువ. ఆ సహాయం అందించవలసినది ప్రక్కనే ఉన్న తోటి పనివాడు. అతనికి ముందుగానే నేర్పి ఉండాలి. అనుమతి పత్రం, ఎర్త్ రాడ్లు, సి.పి.ఆర్. శిక్షణ ఈ మూడింటిలో దేనికది చాలదు. ప్రాణాలు నిలవాలంటే మూడూ కావాలి.